పానకరస న్యాయం – మారిన పానీయాభిరుచులు : చిక్కడపల్లి పరిసరాల ఆధారంగా ఒక పరిశీలన

అలంకారశాస్త్రాన్ని బోధించే అధ్యాపకుడు రసస్వరూపాన్ని వివరించే ఘట్టంలో 'పానకరస న్యాయం' అనే మాటను తప్పనిసరిగా ప్రస్తావిస్తాడు. విభావానుభావ వ్యభిచారిభావాలు విడివిడిగా ఉన్నప్పుడు దేని స్వరూపం దానిదే. అవి కలిసి చర్వణకు విషయమైనప్పుడు మాత్రం వాటి వేర్పాటు తెలియదు. అఖండమైన ఒకే ఆస్వాదం మిగులుతుంది. బెల్లం, మిరియాలు, ఏలకులు, నీరు కలిసిన పానకంలో ఏ ఒక్కదాని రుచీ విడిగా తోచక, అన్నింటికీ భిన్నమైన మరొక రుచి పుట్టినట్లే ఇదీ జరుగుతుందని శాస్త్రకారుల సమన్వయం. మమ్మటుడు కావ్యప్రకాశం చతుర్థోల్లాసంలో అభినవగుప్తుని మతాన్ని సంగ్రహిస్తూ ఈ న్యాయాన్ని పేర్కొన్నాడు. విశ్వనాథుడు సాహిత్యదర్పణంలో 'ప్రపానక రస'మనే పేరుతో దీనినే గ్రహించాడు. వీరికి మూలమైన భరతుడు సైతం నాట్యశాస్త్రం షష్ఠాధ్యాయంలో రసనిష్పత్తిని వివరించడానికి వంటింటినే ఆశ్రయించి, గుడాది ద్రవ్యాలతో, వ్యంజనాలతో, ఓషధులతో షాడవాది రసాలు సిద్ధించే తీరును చూపాడు.

న్యాయమైనా దృష్టాంతమైనా పనిచేయడానికి ఒక నియమం ఉంది. గౌతముని న్యాయసూత్రాల ప్రథమాధ్యాయం దృష్టాంతాన్ని నిర్వచిస్తూ, ఏ విషయంలో లౌకికునికీ పరీక్షకునికీ బుద్ధి సమానంగా ఉంటుందో అదే దృష్టాంతమన్నది. పొగ, నిప్పు, వంటశాల అనే ఉదాహరణ నిలిచింది తార్కికునికీ వంటవానికీ అది ఒకే విధంగా తెలిసినందువల్లనే. ఈ నియమాన్ని పానకానికి అన్వయిస్తే ఒక చిక్కు ఎదురవుతుంది. నేటి నగర విద్యార్థికి పానకం ఏడాదికి ఒకనాడు, శ్రీరామనవమి పందిట్లో, చిన్న కాగితపు గ్లాసులో లభించే ప్రసాదం. అతని నిత్యానుభవంలో ఉన్న పానీయాలు వేరు. లౌకికునికి తెలియనిది పరీక్షకునికి మాత్రమే తెలిస్తే అది దృష్టాంతం కాజాలదు. వివరణ కోరే మరొక విషయమే అవుతుంది. కనుక పానీయాల వాడుకలో వచ్చిన మార్పు ఆహార చరిత్రకే పరిమితమైన విషయం కాదు. అది శాస్త్రబోధనకు ఆధారమైన లోకానుభవంలో వచ్చిన మార్పు.

ఈ మార్పు ఏ క్రమంలో జరిగింది, ఏ రుచులు మాసిపోయాయి, ఏవి వేషం మార్చుకొని నిలిచాయి, పానకం స్థానాన్ని నేటి పానీయమేదైనా ఆక్రమించగలదా అన్నవి ఇక్కడ విచార్యాంశాలు. మద్యాదులను విడిచి, సర్వజన సామాన్యమైన పానీయాలనే గ్రహించడం జరిగింది. పరిశీలనకు క్షేత్రం హైదరాబాదులోని చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ ప్రాంతం.

శాస్త్ర కావ్యాలలో పానీయం

ఆయుర్వేద సంహితలు పానీయానికి ఇచ్చిన స్థానం పెద్దది. చరకసంహిత సూత్రస్థానంలోని అన్నపానవిధి అధ్యాయం ఆహారద్రవ్యాలను వర్గాలుగా విభజించి, అందులో జలవర్గాన్నీ గోరసవర్గాన్నీ ఇక్షువర్గాన్నీ ప్రత్యేకంగా నిలిపింది. సుశ్రుతుడు ద్రవద్రవ్యాలకు ఒక అధ్యాయమే కేటాయించి, తరువాతి అన్నపానవిధిలో పానకాలను, భోజనానంతరం తీసుకోవలసిన అనుపానాలను వివరించాడు. ఈ గ్రంథాలలో ఏ పానీయానికీ కేవలం రుచినిబట్టి విలువ కట్టలేదు. ఏ ఋతువులో, ఏ ప్రకృతి గలవారు, ఏ ఆహారం తరువాత, ఎంత పరిమాణంలో తాగాలన్న నాలుగు ప్రశ్నలకు సమాధానం చెప్పిన తరువాతనే రుచి ప్రసక్తి వస్తుంది.

ఈ సూక్ష్మదృష్టి నిఘంటువులలోనూ కనబడుతుంది. నాలుగవ వంతు నీరు కలిపిన మజ్జిగను తక్రమనీ, సగం నీరు కలిపినదాన్ని ఉదశ్విత్తు అనీ, నీరు కలపక చిలికినదాన్ని మథితమనీ అమరసింహుడు వేరుచేశాడు. కలిపే నీటి పాలు మారితే పేరే మారాలన్నంత పట్టింపు ఒక సమాజానికి ఉండాలంటే, ఆ పానీయం ఆ సమాజపు నిత్యజీవితంలో ఎంత లోతుగా ఉండాలో ఊహించవచ్చు. తెలుగులోనూ చల్ల, మజ్జిగ, నీరుచల్ల అనే మాటలున్నాయి. తెలంగాణ పల్లెలలో 'చల్ల' అనే ప్రాచీన పదం నేటికీ వాడుకలో ఉన్నది. నగరానికి వచ్చేసరికి దాని స్థానాన్ని మజ్జిగ, ప్లాస్టిక్ పొట్లం మీద 'బటర్ మిల్క్' ఆక్రమించాయి. పొట్లంలో నీటి పాలు ఎంత ఉన్నా పేరొక్కటే.

రాజాస్థానాలలోనూ పానీయం ప్రత్యేక విషయమే. కల్యాణి చాళుక్య ప్రభువు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దిలో రచించిన మానసోల్లాసంలో అన్నభోగం పక్కనే పానీయభోగమనే విభాగం వేరుగా ఉన్నది. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుని అతిథిసేవను వర్ణిస్తూ కాలానికి తగిన ఆహారాన్ని పేర్కొన్నాడు. వేసవి వడ్డనలో పలుచని అంబళ్ళు, చెరకుపాలు, ఎళనీళ్ళు, నీరుచల్ల వంటివి చోటుచేసుకున్నాయి. చక్రవర్తి రాసిన కావ్యంలోని ఈ పట్టికలో రైతు ఇంట దొరకని వస్తువు ఒక్కటీ లేదు. అంబలి మొదలు నీరుచల్ల వరకు ఇవి మేడకూ గుడిసెకూ సమానం. లౌకిక పరీక్షకుల బుద్ధిసామ్యానికి ఇంతకంటె మంచి సాక్ష్యం అరుదు. కావ్యాలలోని ఇటువంటి ఆధారాలతో సాంఘిక చరిత్రను నిర్మించవచ్చునని సురవరం ప్రతాపరెడ్డి 1949లో వెలువడిన ఆంధ్రుల సాంఘిక చరిత్ర ద్వారా నిరూపించారు. పానీయాల చరిత్రకూ ఆ మార్గమే శరణ్యం.

ఇంటి పానీయాలలో నేడు దాదాపు పూర్తిగా మరుగున పడినది తరవాణి. అన్నం వార్చిన గంజిని, మిగిలిన అన్నాన్ని కుండలో పులియబెట్టగా తేరిన పుల్లని నీరే తరవాణి. సంస్కృత గ్రంథాలలోని కాంజికానికి ఇది దగ్గరి చుట్టం. తీరాంధ్రలోని ఇండ్లలో తరవాణి కుండకు మడి, ఆచారం, నిర్దిష్టమైన స్థలం ఉండేవి. కుండలో కొంత పాతనీరు ఎప్పుడూ మిగల్చడం వల్ల పులుపు పుట్టించే సూక్ష్మజీవులు ఒకరోజు నుంచి మరొకరోజుకు అందుతూ ఉండేవి. అన్నం వార్చే పద్ధతి పోయి ప్రెషర్ కుక్కర్ వచ్చిన నాడే గంజి పోయింది. గంజితో తరవాణి పోయింది. ఎవరూ దానిని వద్దనుకోలేదు. పాత్ర మారడం వల్ల పానీయం అదృశ్యమైంది. అభిరుచుల మార్పుకు ఇష్టాయిష్టాలే కారణమనే భావన సరికాదనడానికి తరవాణి మంచి ఉదాహరణ.

షరబత్తు, చాయ్, కాఫీ

హైదరాబాదు పానీయ సంస్కృతికి మరొక మూలం పారశీక, అరబీ సంప్రదాయం. 'తాగుట' అనే అర్థం గల అరబీ ధాతువు నుంచి షరబత్, షరాబ్ అనే రెండు మాటలూ పుట్టాయి. ఆంగ్లంలోని సిరప్ అనే మాటకూ మూలమదే. గులాబీ, వట్టివేరు, సబ్జా గింజలు, పాలు కలిసిన షరబత్తులు, ఫలూదా నగర జీవనంలో భాగమయ్యాయి. ఇక్కడ వస్తువులు ఎన్ని కొత్తవైనా పద్ధతి పాతదే. తియ్యని ద్రవంలో పరిమళ ద్రవ్యాన్ని కలపడం పానకంలోనూ ఉన్నది. రాయలసీమలో నన్నారిగా ప్రసిద్ధమైన సుగంధిపాల షరబత్తు ఈ రెండు సంప్రదాయాలకూ వారధి. సంస్కృత వైద్యగ్రంథాలలోని శారిబ ఇదే. దీని వేరుకు వాసననిచ్చే రసాయనం, వెనిలా పరిమళానికి మూలమైన వెనిలిన్, ఒకే అణుసూత్రం కలిగి నిర్మాణంలో మాత్రమే భేదించే పదార్థాలు. నన్నారి తాగినవారికి ఐస్‌క్రీము వాసన స్ఫురించడానికి ఇదొక హేతువు కావచ్చు.

చాయ్ రాక ఈ క్రమంలో పెద్ద మలుపు. తేయాకు భారతదేశంలో విస్తారంగా పండుతున్నా, భారతీయులలో దాని వాడుక వ్యాపించడం ప్రధానంగా ఇరవయ్యో శతాబ్ది విషయం. 1903లో ఏర్పడిన టీ సెస్ కమిటీ, దాని స్థానంలో 1937లో వచ్చిన ఇండియన్ టీ మార్కెట్ ఎక్స్‌పాన్షన్ బోర్డు దేశమంతటా ప్రచారం చేశాయి. హైదరాబాదులో ఆ ప్రచారానికి ఇరాన్ నుంచి వలస వచ్చినవారి హోటళ్ళు తోడయ్యాయి. చక్కెర లేనిదే చాయ్ లేదు. నిజాం షుగర్ ఫ్యాక్టరీ 1937లో బోధన్‌లో స్థాపితం కావడంతో తెల్ల చక్కెర ఈ ప్రాంతపు సొంత ఉత్పత్తి అయింది. బెల్లం క్రమంగా నిత్యపానీయం నుంచి తొలగి నైవేద్యానికి, పిండివంటలకు పరిమితం కావడానికి ఈ పరిణామాలన్నీ దోహదం చేశాయి.

ఇరానీ చాయ్ తయారీ విధానం గమనింపదగినది. తేయాకు పొడిని మూతబెట్టిన పాత్రలో నీటితో చాలాసేపు మరిగిస్తారు. పాలను వేరొక పాత్రలో చిక్కబడేదాకా కాస్తారు. ఈ రెండింటి కలయిక కప్పులోనే జరుగుతుంది. తేయాకులోని టానిన్లు కషాయరసాన్నిస్తాయి. పాలలోని కేసీన్ అనే మాంసకృత్తు ఆ టానిన్లతో కలిసి వగరును అణచివేస్తుంది. కనుక కప్పులోని రుచి డికాక్షన్ రుచీ కాదు, పాల రుచీ కాదు. ఈ అంశానికి మున్ముందు మళ్ళీ రావలసి ఉంటుంది.

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరించిన తరువాత తీరాంధ్ర, రాయలసీమల నుంచి ఉద్యోగులు, విద్యావంతులు ఎందరో చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ పరిసరాలలో స్థిరపడ్డారు. మద్రాసు సంపర్కంతో కాఫీకి అలవాటుపడిన కుటుంబాలు వీరిలో అనేకం. ఇరానీ హోటలు చాయ్, ఉడిపి హోటలు ఫిల్టరు కాఫీ పక్కపక్కనే సాగిన ఈ ప్రాంతంలో భాష కూడా రెండు పాయలుగా ప్రవహించింది. ఒకే వస్తువు ఒకరికి 'చాయ్', మరొకరికి 'టీ'. పత్రికలవారు తయారుచేసుకున్న 'తేనీరు' అనే మాట 'తేనీటి విందు' వంటి ప్రయోగాలలో నిలిచిందే కాని హోటలు బల్ల దగ్గర దాన్ని పలికేవారు లేరు. తేనె, నీరు అనే అర్థభ్రాంతి కలగడం ఆ మాటకు మరో ఇబ్బంది.

పరిమాణం విషయంలో మాత్రం పాత పట్టింపు కొత్తరూపంలో బతికింది. ఒక చాయ్‌ని ఇద్దరికి పంచే 'వన్ బై టూ' హైదరాబాదు వాడుకలో స్థిరపడిన పరిభాష. నీటి పాలునుబట్టి మజ్జిగకు పేర్లు పెట్టిన అమరసింహుని సంప్రదాయానికి ఇది దూరపు బంధువు. భేదమేమిటంటే అమరకోశంలోని పాలు పానీయపు స్వభావాన్ని చెబుతుంది. హోటలులోని పాలు ఖర్చునూ స్నేహాన్నీ చెబుతుంది.

సీసాలోకి చేరిన రుచి

నీటిలో కార్బన్ డయాక్సైడును ఇమిడ్చే పద్ధతి 18వ శతాబ్ది చివరి భాగంలో ఐరోపాలో రూపొందింది. హైరమ్ కాడ్ అనే ఆంగ్లేయుడు 1872లో పేటెంటు పొందిన సీసా తెలుగునాట 'గోలీ సోడా'గా స్థిరపడింది. లోపలి వాయువు ఒత్తిడి గాజు గోలీని పైకి నెట్టి మూతి దగ్గరి రబ్బరు వలయానికి అదిమి ఉంచుతుంది. గోలీని వేలితోనో చెక్కబిరడాతోనో నొక్కగానే ఆ పట్టు వదులుతుంది. నిమ్మ, ద్రాక్ష, కలరు సోడాల పేర్లతో చిన్న పట్టణాలలో సైతం స్థానిక తయారీలు వెలిశాయి. తూర్పుగోదావరి ప్రాంతపు రామచంద్రపురంలో పుట్టిన ఆర్టోస్ వంటివి ఆ దశకు నిలిచిన గుర్తులు.

సోడా ఆదరణకు కారణం చల్లదనం, తీపి మాత్రమే కావు. ఆయుర్వేదం చెప్పిన ఆరు రసాలలో కటువును, కషాయాన్ని ఆధునిక శరీరధర్మశాస్త్రం నాలుక రుచులుగా లెక్కించదు. మిరియంలోని పైపరిన్ కలిగించే చురుకు త్రిధార నాడి ద్వారా అందే స్పర్శానుభవమని దాని సిద్ధాంతం. సోడాలోని కార్బన్ డయాక్సైడు నోటిలో కార్బానిక్ ఆమ్లంగా మారి అదే నాడిని ఉద్దీపింపజేస్తుంది. పానకంలో మిరియం చేసిన పనిని సోడాలో వాయువు చేస్తున్నదన్నమాట. తీపిని తాగించే చురుకు ఒకటి పానీయంలో ఉండాలన్న కోరిక మారలేదు. చురుకును సమకూర్చే సాధనం మారింది. అభిరుచి మారిందని సాధారణంగా భావించే చోట మారింది ద్రవ్యమే.

అయితే సీసాతో ఒక కొత్త లక్షణం ప్రవేశించింది. కోకా-కోలా 1977లో విదేశీ మారకద్రవ్య నియంత్రణ చట్టం నేపథ్యంలో భారతదేశాన్ని వదిలింది. ఆ ఖాళీలో థమ్స్ అప్, కాంపాకోలా, ప్రభుత్వరంగంలో తయారైన డబుల్ సెవెన్ వచ్చాయి. 1985లో మామిడి రుచి గల ఫ్రూటీ కాగితపు పెట్టెలో ప్రవేశించింది. 1990లో పెప్సీ, 1993లో తిరిగి కోకా-కోలా వచ్చాయి. పార్లే సంస్థ పానీయాలను కోకా-కోలా 1993లో కొనుగోలు చేసిన తరువాత గోల్డ్‌స్పాట్ క్రమంగా అంగళ్ళ నుంచి కనుమరుగైంది. ఆర్టీసీ క్రాస్‌రోడ్డు సినిమాహాళ్ళలో విరామ సమయాన దానిని తాగి పెరిగిన తరానికి ఆ నారింజ రంగు ఒక జ్ఞాపకం. ఒక రుచి పుట్టడం, పోవడం ఋతువుతోనో పంటతోనో కాక చట్టంతో, సంస్థల క్రయవిక్రయాలతో ముడిపడడమే ఈ దశలోని విశేషం. తరవాణిని పాత్ర పోగొట్టింది. గోల్డ్‌స్పాట్‌ను వ్యాపార నిర్ణయం పోగొట్టింది. తాగేవారి అభిరుచికి రెంటిలోనూ రెండవ స్థానమే.

నామము, పదార్థము

రుచి సీసాలోకి చేరినప్పుడు నామానికీ పదార్థానికీ గల సంబంధం సడలుతుంది. పానకమన్నప్పుడు ఏమి కలిపారో తెలుసు. నారింజ రంగు పానీయంలో నారింజ ఉన్నదో లేదో చూచి చెప్పలేము. కనుకనే పండు లేని పానీయం ఆ సంగతిని సీసాపై ప్రకటించాలన్న నిబంధనలు అవసరమయ్యాయి. శబ్దార్థాల సంబంధం వ్యాకర్తల, మీమాంసకుల చర్చనీయాంశంగా ఉన్నంతకాలం ఎవరికీ హాని లేదు. పానీయాల అంగడిలో అది ప్రాణసంకటం కూడా కావచ్చు.

దీనికి హైదరాబాదుతో సంబంధమున్న ఇటీవలి ఉదాహరణ ఒకటి ఉన్నది. విరేచనాలతో నీరసించినవారికి ఇచ్చే ఓఆర్‌ఎస్ ద్రావణానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ణయించిన పాళ్ళున్నాయి. లీటరుకు సోడియం 75, గ్లూకోజు 75 మిల్లీమోల్సు చొప్పున ఉండి, మొత్తం ద్రావణపు సాంద్రత 245కు మించకపోవడం 2002 నుంచి అమలులో ఉన్న సూత్రం. ఆ పేరును వ్యాపారనామంలో చేర్చుకొని చక్కెర ఎక్కువగా ఉన్న పానీయాలు పెట్టెలలో అమ్ముడుపోయాయి. జబ్బుపడిన పసివానికి చక్కెర మితిమీరితే విరేచనాలు పెరుగుతాయి. హైదరాబాదుకు చెందిన ఒక శిశువైద్యురాలు ఏళ్ళ తరబడి చేసిన పోరాటం తరువాత, సూత్రానికి ఒదగని పానీయాల పేరులో ఆ మూడక్షరాలను వాడరాదని భారత ఆహార భద్రత ప్రమాణాల ప్రాధికార సంస్థ 2025 అక్టోబరులో ఆదేశించింది. పానీయపు పేరు ఒక ప్రతిజ్ఞ అన్న విషయం దీనితో స్పష్టమవుతుంది. నీటి పాలునుబట్టి తక్రోదశ్విత్తులను వేరుచేసిన నిఘంటుకారుని జాగ్రత్తను పాండిత్య ప్రదర్శనగా కొట్టివేయడానికి వీలులేదు.

నారాయణగూడలోని నివారణ వైద్య సంస్థకు అనుబంధంగా రాష్ట్ర ఆహార ప్రయోగశాల పనిచేస్తూ వచ్చింది. నాలుక పరీక్షించలేని దానిని ప్రయోగశాల పరీక్షించవలసిన అవసరం ఆధునిక పానీయాలతోనే విస్తరించింది. ప్రమాణాల చర్చలో ప్రత్యక్షం చాలనిచోట అనుమానాన్ని ఆశ్రయించినట్లే ఇదీ.

నేటి చిక్కడపల్లి

చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయానికి, అశోక్‌నగర్‌లోని పోటీపరీక్షల శిక్షణ కేంద్రాలకు వచ్చే యువకుల వల్ల ఈ ప్రాంతపు వీధులలో పానీయాలకు గిరాకీ ఎక్కువ. ఉదయం రాగిజావ, జొన్న అంబలి అమ్మే బండ్లు. పగలు చెరకురసం, నిమ్మకాయ సోడా. సాయంకాలం చాయ్, అల్లం చాయ్, బెల్లం చాయ్. ఒకప్పుడు పల్లెపేదరికానికి గుర్తుగా భావించిన అంబలి నగరవాసికి ఆరోగ్యచిహ్నంగా తిరిగివచ్చింది. చక్కెరవ్యాధి భయం బెల్లానికి కొత్త మర్యాద కల్పించింది. బెల్లంలోనూ అధికభాగం చక్కెరే గనుక ఈ మర్యాదలో భ్రమ పాలు కొంత ఉన్నది. 2023లో హుస్సేన్‌సాగరం ఒడ్డున ప్రభుత్వం నీరా కేఫ్‌ను ప్రారంభించడం కూడా ఈ పునరాగమనంలో భాగమే. తెల్లవారకముందే దించి, పులియకుండా చల్లగా కాపాడవలసిన నీరాకు శీతలయంత్రం నగరంలో చోటు కల్పించింది. ప్రెషర్ కుక్కర్ తరవాణిని తొలగిస్తే, శీతలయంత్రం నీరాను నిలిపింది. యంత్రం పాత రుచికి ఎల్లప్పుడూ శత్రువు కాదని దీనివల్ల తేలుతుంది.

పాతదాన్ని గుడ్డిగా కీర్తించడమూ పొరపాటే. నూరు మిల్లీలీటర్ల కోలాలో సుమారు 10, 11 గ్రాముల చక్కెర ఉంటుంది. కొలత చూడక బెల్లం వేసిన పానకంలో తీపి దానికి తీసిపోదు. పానకం హాని చేయకపోవడానికి కారణం దాని ద్రవ్యం కాదు. దాని ఋతువు, దాని పరిమాణం. చైత్రమాసంలో, దోసెడు మాత్రమే. సుశ్రుతాదులు అడిగిన నాలుగు ప్రశ్నలకు పానకం వద్ద సమాధానముంది. ఏడాది పొడుగునా, ఏ వేళనైనా, ఎంతైనా దొరికే సీసా ఆ ప్రశ్నలనే రద్దు చేసింది.

దృష్టాంత పరీక్ష

పానకరస న్యాయానికి నేటి దృష్టాంతమేదన్న ప్రశ్నకు ఇప్పుడు సమాధానం వెదకవచ్చు. అందుకు కావలసిన లక్షణాలు మూడు. ఘటకద్రవ్యాల రుచులు విడివిడిగా ఆస్వాదకునికి ముందే తెలిసి ఉండాలి. సమ్మేళనంలో వాటికి భిన్నమైన ఏకరుచి కలగాలి. అది లౌకిక పరీక్షకులిద్దరికీ ప్రసిద్ధం కావాలి.

ఉగాది పచ్చడి తెలంగాణలో పలుచగా చేసి తాగేదైనా ఇక్కడ పనికిరాదు. షడ్రుచులు విడివిడిగా తోచడమే దాని ప్రయోజనం. అఖండత దాని లక్ష్యం కాదు. కోలా ప్రసిద్ధమే, ఏకరుచి గలదే. కాని దాని ద్రవ్యాలు రహస్యం. అవయవాల జ్ఞానమే లేనప్పుడు అవయవి వాటికి భిన్నమన్న వివేకం కలగదు. ఇరానీ చాయ్ మరింత దగ్గరకు వస్తుంది. కప్పులో కలిసిన రుచి డికాక్షన్‌కూ పాలకూ భిన్నమైనదే. అయితే పాలు చక్కెరలు లేని ఆ డికాక్షన్‌ను విడిగా రుచి చూచినవారు అరుదు గనుక మొదటి లక్షణం సగమే సిద్ధిస్తుంది. బండి మీది నిమ్మకాయ సోడా ఈ పరీక్షలో అన్నింటికంటె బాగా నెగ్గుతుంది. నిమ్మకాయ కోయడం, ఉప్పు వేయడం, చక్కెర పాకం కలపడం, సోడా పోయడం తాగేవాని కన్నుల ఎదుటే జరుగుతాయి. ఒక్కొక్కదాని రుచి అతనికి చిరపరిచితం. ఆమ్ల లవణ మధురాలు కలిసి, మిరియానికి బదులు వాయువు చురుకునివ్వగా, పుట్టిన రుచి వీటిలో ఏదీ కాదు. తరగతిలో రసనిష్పత్తిని మొదటిసారి వినే విద్యార్థికి ఈ ఉదాహరణ తక్షణమే బోధపడుతుంది.

అయినా ఒక్క వెలితి మిగులుతుంది. నిమ్మకాయ సోడా అమ్మేవాడు ముందుగా తీపి కావాలా, ఉప్పు కావాలా, రెండూనా అని అడుగుతాడు. చాయ్ హోటలులో చక్కెర తక్కువ, డికాక్షన్ ఎక్కువ అని చెప్పి చేయించుకోవచ్చు. ప్రతి ఒక్కరి రుచి వారి సొంతం. శ్రీరామనవమి పానకం అలా కాదు. ఒకే గుండిగలో కలిపి పందిట్లో నిలిచిన అందరికీ అదే పోస్తారు. మంగళగిరిలో పానకాల నరసింహస్వామికి సమర్పించిన పానకంలో సగాన్ని స్వామి స్వీకరించి సగాన్ని విడుస్తాడన్న విశ్వాసంతో ఆ శేషాన్నే భక్తులందరూ తీసుకుంటారు. అక్కడ నాది, నీది అన్న భేదం లేదు. భట్టనాయకుడు ప్రతిపాదించగా అభినవగుప్తుడు గ్రహించిన సాధారణీకరణం, అనగా విభావాదులు వ్యక్తిసంబంధాన్ని విడిచి సర్వసామాజిక సాధారణాలు కావడం, రసానుభవానికి ప్రాణం. పానకరస న్యాయంలో ఈ అంశం వాచ్యం కాకపోయినా, పానకాన్ని పందిట్లో తాగే సమాజానికి అది ధ్వనిస్తూనే ఉంటుంది. అఖండత ఒక్కటే అయితే సోడా చాలును. సాధారణ్యం కూడా కావాలంటే పానకమే కావాలి.

1966లో స్థాపితమై చిక్కడపల్లిలో కచేరీలకు, నాటకాలకు వేదికైన త్యాగరాయ గానసభను తలచుకుంటే ఈ భేదం సుబోధకమవుతుంది. సభలో కూర్చున్నంతసేపు వందలమంది ఒకే రాగాన్ని, ఒకే రసాన్ని ఆస్వాదిస్తారు. విరామంలో బయటికి వచ్చి ఎవరికి కావలసిన చాయ్ వారు చెప్పి చేయించుకుంటారు. శాస్త్రకారుల ఉపమానం లోపలి అనుభవానికి సరిపోతుంది. నేటి పానీయం బయటి వాడుకకు సరిపోతుంది. ఒకప్పుడు ఈ రెండింటి నడుమ ఇంత దూరం లేదు.

కనుక ప్రాచ్యకళాశాల అధ్యాపకుడు పానకరస న్యాయాన్ని రెండు మెట్లుగా బోధించడం యుక్తం. సమ్మేళనంలోని ఏకత్వాన్ని నిమ్మకాయ సోడాతో చూపవచ్చు. అది విద్యార్థికి తెలిసిన లోకం. సాధారణీకరణానికి వచ్చేసరికి పానకాన్నే తేవాలి. బెల్లం, మిరియాలు, ఏలకులు, ఒక బిందెడు నీరు ఏ కళాశాలకూ భారం కావు. ముందు మిరియాన్ని, బెల్లాన్ని విడివిడిగా రుచి చూపి, ఆ పిమ్మట ఒకే పాత్రలో కలిపి తరగతి అంతటికీ సమానంగా పోస్తే, న్యాయసూత్రం కోరిన బుద్ధిసామ్యం ఆ గదిలో తిరిగి ఏర్పడుతుంది. ఆ తరువాత చతుర్థోల్లాసం తెరవవచ్చు.